తడి రవ్వ వాసన

మొన్న ఆదివారం ఉప్మాకని బొంబాయి రవ్వ కొలుస్తుంటే గిన్నెలో నీళ్ళు చింది గుప్పెడు రవ్వ తడిసింది. తీసి పారేయబోతూ ఆగిపోయాను. తడి రవ్వ వాసన వెనకే తోలు వాసన రావాలి. ముక్కు దానికోసం వెతుక్కుంది. రాలేదు. మా మృదంగం తాతగారు పోయి అప్పటికి వారం అయింది.

మృదంగానికి కుడి మూత మీద కరణి అనే నల్లటి పూత ఎప్పుడూ ఉంటుంది. ఎడమ మూత మీద మాత్రం వాయించే ముందు తడి రవ్వ ముద్ద అద్దుతారు. ఆ బరువుతోనే లోపలినుంచి ‘గుం’ అని నాదం పలుకుతుంది. వాయించడం అయ్యాక దాన్ని గీకి తీసి మూత తుడిచేస్తారు. లేకపోతే తోలు పాడవుతుంది. తాతగారు గీకిన ముద్దను ఎప్పుడూ పారేయలేదు. ఏ ఊరైనా సరే, దగ్గరలో ఉన్న గోడ మీద పెట్టేవారు. “చీమలకు కూడా కూలి ముట్టాలమ్మా” అనేవారు. చిన్నప్పుడు నేను నిలబడి చీమలు వచ్చేదాకా చూసేదాన్ని.

ఆయన మాకు బంధువు కాదు. మా డాన్సు క్లాసులో అందరికీ తాతగారే.

*

మా క్లాసు తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గరలో ఒక పాత మిద్దె మీద జరిగేది. ఎర్ర సిమెంటు గచ్చు. ఎండాకాలం సాయంత్రాలు నాలుగు బక్కెట్ల నీళ్ళు పోస్తే తప్ప పాదం మోపడానికి వీలుండేది కాదు. నీళ్ళు పడగానే గచ్చు మీదినుంచి వేడి ఆవిరి లేచేది. కింద వీధిలో కదంబం అమ్మే ఆమె కేక, యాత్రికుల గోవింద నామాలు, వీటి మధ్య పీట మీద మాస్టారి తట్టుకర్ర. మొదటి ఏడాదంతా అడుగులే. అరమండిలో కూర్చుని తొడలు వణుకుతుంటే, ఆ కర్ర చప్పుడు ఆగిపోతే బాగుండునని రోజూ అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ చప్పుడు ఒక్కసారి వినిపిస్తే చాలనిపిస్తుంది.

మాస్టారు మద్రాసులో నేర్చుకుని వచ్చారు. 1963లో వెంపటి చినసత్యం గారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక, మా వైపు వాళ్ళకు ఈ నాట్యం కోసం కృష్ణా జిల్లా దాకా వెళ్ళే అవసరం తప్పిందని ఆయన చెప్పేవారు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి మద్రాసు చేరతాం. అభినయ దర్పణంలోని ‘యతో హస్తస్తతో దృష్టిః’ శ్లోకాన్ని మా చేత రోజూ చెప్పించేవారు. చేయి ఎక్కడుంటే చూపు అక్కడ, చూపు ఎక్కడుంటే మనసు అక్కడ. 28 అసంయుత హస్తాలు, అంటే ఒంటి చేత్తో పట్టే ముద్రలు, నిద్రలో లేపి అడిగినా వరసగా చెప్పాలి.

తాతగారు వారానికి రెండు రోజులే వచ్చేవారు. ఆ రెండు రోజులూ మా కాళ్ళకు తెలియకుండానే బలం వచ్చేది. ఒకసారి మాస్టారు ఆ శ్లోకం చెప్పిస్తుంటే ఆయన మృదంగం శ్రుతి చేసుకుంటూ, “పాప చూపు సంగతి మీరు చూసుకోండి మాస్టారూ, ఎదురుగా కూర్చున్నవాళ్ళ చూపు ఎక్కడుందో నేను చూసుకుంటాను” అన్నారు. ఆ మాటను ఆయన ఎంత నిజంగా పాటించారో చాలా ఏళ్ళకు గాని నాకు అర్థం కాలేదు.

దర్జీ భాయి గురించి కూడా చెప్పాలి. మా దుస్తులు కుట్టేది ఆయనే. నడుము ముందు విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్ళు ఉంటాయి కదా, వాటిని సుద్దముక్కతో గీతలు గీసి, ఒక్కో మడతా గోటితో నొక్కి కుట్టేవారు. కొత్త డ్రెస్సు తెచ్చిన రోజు వెళ్ళిపోకుండా మెట్ల దగ్గరే నిలబడేవారు. నేను అరమండిలోకి దిగగానే కుచ్చిళ్ళు రెండు వైపులా సమానంగా విచ్చుకున్నాయా లేదా అని ఆయన చూపంతా అక్కడే. సరిగ్గా విచ్చుకుంటే కళ్ళు మూసుకుని ఒకసారి తల ఊపేవారు. నా నాట్యానికి మొదటి ప్రేక్షకుడు ఆయనే అని ఇప్పటికీ అనుకుంటాను.

*

చిత్తూరు జిల్లా పల్లెల్లో ఎండలు ముదిరితే భారతాలు మొదలవుతాయి. ద్రౌపదమ్మ గుడి ముందు 18 రోజులు, పగలు హరికథ, రాత్రి వీధినాటకం. బకాసురుడికి బండెడు అన్నం, అర్జునుడి తపస్సుకు ఆకాశమంత మాను, చివరి రోజున నేల మీద మట్టితో పోసిన కొండంత దుర్యోధనుడు, ఆ తర్వాత అగ్నిగుండం. మాను మీదినుంచి అర్జునుడు విసిరే నిమ్మకాయల కోసం పిల్లలు లేని ఆడవాళ్ళు కొంగులు పట్టుకుని నిలబడతారు.

పాకాల వైపు ఒక పల్లెవాళ్ళు, నాటకం మొదలయ్యే ముందు ఒక గంట మా నాట్యం పెట్టమని అడిగారు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. భామాకలాపంలో సత్యభామ ప్రవేశం నాది. చింతచెట్టు కింద మట్టి అరుగే రంగస్థలం. ఈతచాపలు, గోనెసంచులు పరుచుకుని ఊరంతా కూర్చుంది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుస్తున్న చప్పుడు చినుకులు పడుతున్నట్టు వినిపిస్తోంది. మాస్టారికి గుబులు పట్టుకుంది. రాత్రంతా రాజులు, యుద్ధాలు చూసే జనానికి సత్యభామ శృంగారం ఆనుతుందా, సగానికి సగం కుదించేద్దామా అని.

తాతగారు మాట్లాడకుండా లేచి జనంలోకి వెళ్ళారు. ఒక చాప మీద చోటు చేసుకుని కూర్చుని, ఎవరో ఇచ్చిన శనక్కాయలు తింటూ కాసేపు కబుర్లు చెప్పి వచ్చారు. “ఏమీ కుదించవద్దు మాస్టారూ. తెర అంటే ఏమిటో వీళ్ళకు మనకన్నా బాగా తెలుసు” అన్నారు. అప్పుడు రవ్వ తడపడం మొదలుపెట్టారు. ఆయన పద్ధతే అది. జనాన్ని చూడకుండా రవ్వ తడిపేవారు కాదు.

ఇద్దరు తెర పట్టుకున్నారు. నేను వెనకనుంచి జడ తీసి తెర మీదుగా ముందుకు వేశాను. అది సవాలు. తనను గెలిచినవాళ్ళు ఈ జడ కోసుకోవచ్చని సత్యభామ అన్నట్టు. పట్నం సభల్లో ఆ చోట ఎవరైనా పెద్దవారు పక్కవారికి ఈ అర్థం చెప్పేవారు. అక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. శనక్కాయల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ముందు వరసలో ఒక అవ్వ పైకే అంది: “మా ద్రౌపదమ్మకు జుట్టు ముడి లేదు, ఈ తల్లికి చూడండి ఎంత జడో!”

తెర వెనక నా ఒళ్ళు జలదరించింది. సభలో జుట్టు పట్టి ఈడ్చినవాడి అంతు చూసేదాకా ముడి వేయనన్న ద్రౌపది ఆ ఊళ్ళో పది రోజులుగా అలాగే తిరుగుతోంది. వాళ్ళకు జడ అంటే ఏమిటో, అది ఎంత బరువో తెలుసు.

తెర తీశాక చెలికత్తె మాధవి సత్యభామను నువ్వెవరని అడగాలి. అది మాస్టారి వంతు. ఆయన నోరు తెరిచేలోపే అరుగు పక్కన నిలబడ్డ వీధినాటకం హాస్యగాడు ముందుకు వచ్చి, “ఎవరమ్మా నువ్వు? ఏ ఊరు? ఎవరి ఇంటి ఆడబిడ్డవు?” అని గొంతెత్తి అడిగాడు. వాళ్ళ నాటకంలో ఏ పాత్ర తెరలోంచి వచ్చినా అడిగేవాడు అతనే. ఆ ఊరికి అది అలవాటు, అతనికి అది హక్కు. మాస్టారు తాళం ఆపేశారు. నాకు ఏం చేయాలో తోచలేదు. తాతగారు మృదంగం మీద చిన్న ముక్తాయింపు వేసి, నావైపు చూసి, గడ్డంతో అతన్ని చూపించారు. అతనికే చెప్పు అని.

నేను అతని వైపు తిరిగి, నేను సత్యభామనని చెప్పుకున్నాను. నేర్చుకున్న పాటే, నేర్చుకున్న అడుగులే. కానీ మొదటిసారి నన్ను నిజంగా ఎవరో అడిగితే నిజంగా చెప్పాను. ప్రతి చరణానికీ అతను “ఓహో, అట్లాగా తల్లీ!” అని ఊరివైపు తిరిగి చెబుతున్నాడు. గంట అనుకున్నది రెండు గంటలు నడిచింది.

తర్వాత గుడి వెనక గదిలో గజ్జెలు విప్పుతుంటే వాళ్ళ ద్రౌపది వచ్చాడు. పగలు చెరకుతోటలో పనిచేసే మనిషి. మొహం నిండా అర్దళం రంగు పూసుకుని, చీర సగం కట్టుకుని ఉన్నాడు. నా చీలమండల మీద గజ్జెల పట్టీ కోసిన గీతలు చూసి, మాట్లాడకుండా తన గజ్జెల మూటలోంచి పాత పంచె పేలికలు రెండు తీశాడు. నా కాలు పట్టుకోకుండా, తన కాలికే చుట్టి చూపించాడు. ముందు పేలిక మూడు చుట్లు, రెండో చుట్టుకు మడమ వైపు కాస్త వదులు, ఆ పైన పట్టీ. “తెల్లవార్లూ ఆడాలి కదమ్మా, తోలు నేరుగా తగలకూడదు” అన్నాడు. ఆ పేలికలు నాకే ఇచ్చాడు. అర్దళం, కొబ్బరినూనె కలిసిన వాసన వాటికి చాలా ఏళ్ళు పోలేదు. ఈనాటికీ నా శిష్యులకు గజ్జెలు అలాగే కట్టడం నేర్పుతాను.

రాగిసంగటి, ఊరుబిండి పెట్టారు. కోడి కూసేదాకా వాళ్ళ నాటకం చూశాం. తాతగారు మద్దెల వాయించే ఆయన పక్కన చేరి, కన్ను ఆర్పకుండా ఆయన చేతులే చూస్తూ కూర్చున్నారు.

*

నా చీలమండ మడతపడిన సంగతి వేరే కథ. స్టేజీ దిగుతుంటే జరిగింది. పొద్దునకు కాలు కుండలా వాచింది. “పుత్తూరు పోదాం పద” అన్నారు తాతగారు. మా వైపు ఎముక విరిగినా, బెణికినా పుత్తూరు కట్టే. మా అమ్మకు ఒంట్లో బాగాలేనందున తాతగారే నన్ను బస్సులో తీసుకువెళ్ళారు.

ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పూసి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి కట్టారు. కట్టు ఆరేదాకా వరండాలో కూర్చున్నాం. చేయి విరిగిన లారీ డ్రైవరు, చెట్టు మీదినుంచి పడ్డ కుర్రాడు, వేలూరు వైపునుంచి వచ్చిన తమిళ అవ్వ, బురఖాలో ఒకామె, ఆమె ఒళ్ళో భుజం జారిన పసివాడు. ఎవరికి వాళ్ళు నొప్పితో ఉన్నారు. నేను ఏం చేస్తానని ఎవరో అడిగితే తాతగారు డాన్సు అన్నారు. కాలు ఇట్లా ఉంటే ఇంకేం డాన్సు అన్నాడు డ్రైవరు.

“చేతులు బాగానే ఉన్నాయి కదా” అని తాతగారు టిఫిన్ క్యారియర్ ఖాళీ చేసి బోర్లించారు. క్షేత్రయ్య పదాలను కూర్చునే అభినయించేవారని మాస్టారు చెబితే విన్నాను గాని, నేను ఎప్పుడూ అలా చేయలేదు. ఆయన స్టీలు గిన్నె మీద వేళ్ళతో ఆది తాళం మొదలుపెట్టారు. నేను యశోద కృష్ణుడికి అన్నం తినిపించడం ఎత్తుకున్నాను. ఎడమ చంకలో బిడ్డ, కుడి చేతిలో ముకుళ హస్తంతో గోరుముద్ద. చేయి ఎటు పోతే చూపు అటు. నేర్చుకున్నది తప్పకుండా చేశాను.

తమిళ అవ్వ కాసేపు చూసి చేయి అడ్డం పెట్టింది. తమిళంలోనే చెప్పింది, సగం మాటలు తాతగారు చెబితే తెలిశాయి. నీ నోరు మూసుకుని ఉంది పాపా, అంది. బిడ్డకు పెట్టేటప్పుడు తల్లి నోరు కూడా తెరుచుకుంటుంది. ముద్దను ఎవరు చూస్తారు, బిడ్డ పెదాలను చూస్తారు గాని. అలా అని, పక్కనున్న బురఖా ఆమె దగ్గరనుంచి పసివాణ్ణి భుజం కదలకుండా జాగ్రత్తగా అందుకుని, లేని ముద్దను నోటికి అందించింది. పళ్ళు లేని ఆ నోరు మెల్లగా తెరుచుకుంది. పసివాడి నోరు తెరుచుకుంది. చూస్తున్న డ్రైవరు నోరు కూడా తెరుచుకుంది. బురఖా ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

నేను మళ్ళీ చేశాను. ఆ వరండాలో నాలుగుసార్లు చేశాను. నాలుగోసారికి అవ్వ సరే అంది.

తిరిగి వచ్చాక మాస్టారికి ఎలా చెప్పాలో తెలియలేదు. శ్లోకానికి ఎదురు వెళ్ళినట్టు ఉంటుందని భయం. చివరికి చెప్పకుండా చేసి చూపించాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, “ఇంకోసారి చెయ్యి” అన్నారు. ఆ తర్వాత మా క్లాసులో యశోద నోరు ఎప్పుడూ మూసుకుని లేదు.

*

నేను సొంతంగా క్లాసు పెట్టుకున్నాక, బధిరుల పాఠశాలలో ఒక ప్రదర్శనకు పిలుపు వచ్చింది. వినలేని పిల్లలకు జతులు ఏం ప్రయోజనం, పాటకు క్యాసెట్టు చాలు కదా, తాతగారిని శ్రమ పెట్టడమెందుకు అనుకున్నాను. ఫోనులో ఆ మాట అంటే ఆయన నొచ్చుకున్నారు. “నేను వస్తున్నాను” అని పెట్టేశారు.

ఆయన ముందుగా వెళ్ళి, సిమెంటు నేల మీద ఏర్పాటు చేసిన చాపలు తీయించి, చెక్క వేదిక వేయించారు. పిల్లలను కింద కుర్చీల్లో కాదు, వేదిక అంచుల చుట్టూ కూర్చోబెట్టి, అరచేతులు చెక్క మీద ఆనించమన్నారు. నేను మొదటి జతికి కాలు వేయగానే ఆ చేతుల్లోకి ఏం పాకిందో గాని, అరవై కళ్ళు ఒకేసారి నా పాదాలవైపు తిరిగాయి. గజ్జెల చప్పుడు వాళ్ళకు లేదు. అడుగు ఉంది. జతి ముగిసే తీర్మానం దగ్గర ఆఖరి దెబ్బకు ఒక కుర్రాడు ముందే తల ఊపాడు. అది ఎక్కడ పడుతుందో వాడికి తెలిసిపోయింది.

తర్వాత యశోద. ముకుళ హస్తం నోటి దగ్గరకు తెచ్చాను. ఐదు వేళ్ళు కలిపి నోటికి తెస్తే వాళ్ళ సంజ్ఞల భాషలోనూ తినడమే. ముకుళానికి భోజనమనే వినియోగాన్ని నేను పుస్తకంలో బట్టీ పట్టాను. వాళ్ళు ఆ మాట రోజుకు మూడుసార్లు చేత్తో మాట్లాడతారు. నా నోరు తెరుచుకోగానే వేదిక చుట్టూ పిల్లలందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. పుత్తూరు అవ్వ గుర్తొచ్చి నాకు కన్నీళ్ళు ఆగలేదు. యశోదకు ఆ చోట కన్నీళ్ళు ఉండవు. ఉన్నా తప్పులేదని అప్పటికి నేర్చుకున్నాను.

అయ్యాక పిల్లలు చేతులు పైకెత్తి వేళ్ళు ఆడించారు. వాళ్ళ చప్పట్లు అవే. ఒక చిన్నపాప తాతగారి దగ్గరకు వచ్చి ఎడమ మూత మీద చేయి పెట్టింది. ఆయన కుడివైపు చిన్నగా వాయిస్తుంటే ఎడమ మూత మీద ఆ చేయి అదురుతోంది. వేలు రవ్వలో దిగబడింది. ఆ పాప వేలు వాసన చూసుకుని, ఐదు వేళ్ళూ కలిపి నోటి దగ్గర పెట్టి ఆయనవైపు ప్రశ్నగా చూసింది, తినేదేనా అని. తాతగారు కాదని తల ఊపి, గోడ చూపించి, రెండు వేళ్ళతో చీమ నడిచినట్టు చూపించారు. ఆ రోజు రవ్వ ముద్ద గోడ మీద పెట్టింది ఆ పాపే.

*

బ్రహ్మోత్సవాల్లో తిరుమల మాడవీధుల్లో వాహనం ముందు ఆడిన రోజులు ఉన్నాయి. ఏడో రోజు పొద్దున సూర్యప్రభ వాహనం. కాళ్ళ కింద రాయి కాలుతుంటే, గుండు మీద చందనం పూసుకున్న మరాఠీ అమ్మ ఒకామె వరస దాటి వచ్చి మా పాదాల ముందు నీళ్ళు చల్లి వెళ్ళింది. ఆమెకు తెలుగు రాదు, నాకు మరాఠీ రాదు. ఆమె ముఖం గుర్తులేదు. ఆ నీళ్ళ చల్లదనం గుర్తుంది.

తర్వాత తర్వాత క్యాసెట్లు వచ్చాయి, ఆ పైన పెన్‌డ్రైవులు వచ్చాయి. పాట ఆగమంటే ఆగదు, ఎవరి కోసమూ సాగదు. హాస్యగాడు మధ్యలో వచ్చి నువ్వెవరని అడిగితే దానికి వినిపించదు. మృదంగం, పాట, వయొలిన్, అందరికీ ఇచ్చుకోలేక నేనూ చాలాసార్లు దానితోనే ఆడించాను. తాతగారికి పిలుపులు తగ్గాయి. ఆయన ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉంది.

*

పదకొండో రోజున వాళ్ళ ఇంటికి వెళ్ళాను. కోడలు లోపలికి తీసుకువెళ్ళింది. గది మూలలో మృదంగం పాత కంబళి కప్పుకుని ఉంది. కంబళి తీశాను. ఎడమ మూత మీద రవ్వ ముద్ద ఎండి, బీటలు వారి ఉంది.

“గీకడం మర్చిపోయారా?” అన్నాను.

“ఆ సాయంత్రం చాలాసేపు వాయించారక్కా. పక్కింటి పిల్లలు వచ్చి కూర్చున్నారు. తర్వాత గీకుతానని పడుకున్నారు” అంది.

వంటింట్లోంచి చెంచా అడిగి తెచ్చుకున్నాను. తోలుకు గీత పడకుండా అంచునుంచి లోపలికి మెల్లగా గీకాను. ఎండిన రవ్వ పెళ్ళలు పెళ్ళలుగా ఊడి వచ్చింది. కొంగు తడిపి మూత తుడిచాను. పెళ్ళలన్నీ అరచేతిలో వేసుకుని, కాస్త నీళ్ళు చిలకరించి ముద్ద చేసి, పెరట్లో పిట్టగోడ మీద పెట్టాను. కోడలి కూతురు, ఆరేళ్ళ పాప, వచ్చి నా పక్కన నిలబడింది. ఇద్దరం చీమలు వచ్చేదాకా నిలబడ్డాం.